ఫాక్‌లాండ్స్: దీవిని కాపాడే దారి

(విశాఖపట్నంలో ఒక గ్రంథాలయ సభలో నౌకాదళ విశ్రాంత ఉద్యోగి ఒకరు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. రండమ్మా, మొహమాటం వద్దు.

నన్ను పిలిచినప్పుడు "సార్, మీరు నేవీ కదా, యుద్ధం గురించి చెప్పండి" అన్నారు. నేను యుద్ధం చేసినవాణ్ణి కాదండీ. ముందే చెప్పేస్తున్నాను. నేను బాయిలర్ రూమ్ మనిషిని. ఓడ అడుగున, నీటిమట్టానికి కింద, ఆవిరి పుట్టించే చోట పని చేసినవాణ్ణి. పైన డెక్ మీద విమానాలు లేస్తుంటే ఆ చప్పుడు ఇనుములోంచి మాకు వినపడేది, అంతే. కంటితో చూసింది తక్కువ. కానీ నేను పని చేసిన ఓడ యుద్ధం చేసింది. మన దేశానికి రాకముందే చేసింది. ఆ ఓడ మీ అందరికీ తెలుసు, ఐఎన్‌ఎస్ విరాట్. 2016 ఫిబ్రవరిలో ఫ్లీట్ రివ్యూకి మన తీరానికి వచ్చింది. మీలో చాలామంది బీచ్ రోడ్డు మీద నిలబడి చూసే ఉంటారు. 1982లో దాని పేరు హెచ్‌ఎంఎస్ హెర్మీస్. ఫాక్‌లాండ్ దీవుల కోసం బ్రిటన్ పంపిన నౌకాదళానికి అదే ఫ్లాగ్‌షిప్, అంటే దళాధిపతి ఉండే ముఖ్య ఓడ. 1986లో మనం కొన్నాం, 1987 మే 12న విరాట్ అయింది.

నేను ఎక్కేనాటికి కుర్రాణ్ణి. మొదటి నెలల్లో మాకు ఇచ్చిన పని ఏంటో తెలుసా? చిప్పింగ్. సుత్తి పట్టుకుని పాత పెయింట్ రాలగొట్టాలి, తర్వాత కొత్త పెయింట్ వేయాలి. ఒక పొర రాలితే కింద ఇంకో బూడిదరంగు, దాని కింద ఇంకొకటి, దాని కింద తెలుపు. ఆ పొరల్లో ఏదో ఒకటి 1982 నాటిది అయి ఉండాలి కదా అనుకునేవాణ్ణి. వాల్వుల మీద చిన్న ఇత్తడి బిళ్ళలు ఉండేవి, వాటి మీద ఇంగ్లీషులో పేర్లు. కొన్ని బిళ్ళల మీద అక్షరాలు అరిగిపోయాయి. చేతులు తగిలి తగిలి అరిగిపోయాయి. ఎవరి చేతులు? అప్పటినుంచే ఆ దీవుల గురించి చదవడం మొదలుపెట్టాను. ముప్ఫై ఏళ్ళ పైబడి చదువుతున్నాను. ఈ రోజు చెప్పేదంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. ఇంటికి అంత దూరంలో, మరో దేశం నాది అంటున్న ఒక దీవిని కాపాడటానికి సిద్ధంగా ఉండటమంటే ఏంటి? తుపాకులు ఎన్ని, విమానాలు ఎన్ని అని లెక్క చెబితే సరిపోతుందా?

ముందు ఆ చోటు చూడండి. దక్షిణ అట్లాంటిక్‌లో రెండు పెద్ద దీవులు, చుట్టూ 700 పైచిలుకు చిన్నవి. మొత్తం 12 వేల చదరపు కిలోమీటర్ల చిల్లర. చెట్లు తక్కువ, గడ్డి, పీట్ నేల అంటే నీళ్ళు పట్టి మెత్తగా ఉండే నేల, గొర్రెలు, ఎప్పుడూ ఆగని గాలి. 1982లో అక్కడున్న జనం దాదాపు 1,800. అంతే. మన ఊళ్ళో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో అంతకంటే ఎక్కువమంది ఉంటారు. అర్జెంటీనా తీరం నుంచి దూరం 480 కిలోమీటర్లు. విశాఖ నుంచి హైదరాబాద్‌కి విమానం ఎగిరే దూరం, ఇంచుమించు. మరి బ్రిటన్ నుంచి? 12,700 కిలోమీటర్లు. విశాఖ నుంచి లండన్ 8,000 అనుకోండి. దానికి ఒకటిన్నర రెట్లు పైన. ఈ రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి. 480, 12,700. నేను చెప్పబోయేదంతా ఈ రెండింటి మధ్యే ఉంది.

ఎవరిది ఆ దీవి? అర్జెంటీనా వాళ్ళు మాల్వినాస్ అంటారు. స్పెయిన్ నుంచి మాకు వారసత్వంగా వచ్చింది, 1833లో బ్రిటన్ వచ్చి మా వాళ్ళని వెళ్ళగొట్టి ఆక్రమించింది అంటారు. అక్కడ బడిలో చిన్నపిల్లలకి ఇది నేర్పిస్తారు. వాళ్ళ రాజ్యాంగంలో కూడా రాసుకున్నారు. బ్రిటన్ ఏమంటుంది? అంతకుముందు 1765 నుంచే మా హక్కు ఉంది, పైగా అక్కడ తరతరాలుగా బతుకుతున్న మనుషుల మాటే ఆఖరు మాట అంటుంది. 1965లో ఐక్యరాజ్యసమితి మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోండి అని తీర్మానం చేసింది. మాట్లాడుకున్నారు. పదిహేడేళ్ళు మాట్లాడుకున్నారు. నేను ఈ రోజు తీర్పు చెప్పడానికి రాలేదు. వలసపాలన అనుభవించిన దేశంలో పుట్టినవాణ్ణి, అర్జెంటీనా వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. అలాగే ఎవరి ఇల్లు వాళ్ళది, అందులో ఉన్నవాణ్ణి అడక్కుండా చేతులు మార్చకూడదని కూడా గట్టిగా నమ్ముతాను. 2013లో ఆ దీవుల వాళ్ళని అడిగారు. ఓటు వేసినవాళ్ళు 1,500 పైచిలుకు. బ్రిటన్‌తో ఉంటాం అన్నవాళ్ళు 1,513. వద్దన్నవాళ్ళు ముగ్గురు.

సరే. 1982కి వద్దాం. అసలు యుద్ధం ఎందుకొచ్చింది? అర్జెంటీనాలో సైనిక పాలన, జనరల్ గాల్టియెరి. ధరలు మండిపోతున్నాయి, మార్చి 30న బ్యూనస్ ఎయిర్స్‌లో జనం వీధుల్లోకి వచ్చారు. జనం దృష్టి మళ్ళించాలి. ఇదంతా నిజమే. కానీ అది సగం. మిగతా సగం లండన్‌లో జరిగింది.

1981లో బ్రిటన్ రక్షణ బడ్జెట్ కోతలు ప్రకటించింది. ఆ దీవుల దగ్గర తిరిగే గస్తీ ఓడ ఒకటి ఉండేది, ఎండ్యూరెన్స్. ఎర్ర రంగు పొట్ట, రెండు చిన్న ఫిరంగులు, రెండు చిన్న హెలికాప్టర్లు. యుద్ధం చేయడానికి పనికొచ్చే ఓడే కాదది. దాన్ని వెనక్కి తెచ్చేస్తాం అన్నారు. హెర్మీస్‌ని పక్కన పెడతాం అన్నారు. 1982 ఫిబ్రవరిలో, ఇంకో విమానవాహక నౌక ఇన్విన్సిబుల్‌ని ఆస్ట్రేలియాకి అమ్మేస్తాం అన్నారు. 1981లోనే కొత్త పౌరసత్వ చట్టం తెచ్చి, ఆ దీవుల్లో చాలామందికి పూర్తి బ్రిటిష్ పౌరసత్వం లేకుండా చేశారు. ఇవన్నీ అవతల కూర్చుని చూసేవాడికి ఎలా కనపడతాయి? ఇంటి యజమాని కాపలావాణ్ణి మాన్పించాడు, కుక్కని అమ్మేశాడు, గేటుకి తాళం వేయడం మానేశాడు. ఇక ఈ ఇంటి మీద వీడికి ఆశ లేదు అనుకోడా?

ఆ ఎర్ర ఓడ గురించి నేను చాలాసార్లు ఆలోచిస్తాను. రెండు చిన్న ఫిరంగులతో అది ఒక దేశాన్ని ఆపగలదా? ఆపలేదు. కానీ అది అక్కడ తిరుగుతున్నంతకాలం "మేం చూస్తున్నాం" అనే మాట తిరుగుతున్నట్టు. యుద్ధం అయ్యాక లార్డ్ ఫ్రాంక్స్ అధ్యక్షతన కమిటీ వేశారు. 1983 జనవరిలో నివేదిక వచ్చింది. అర్జెంటీనా దాడి చేయాలన్న నిర్ణయానికి బ్రిటన్ ప్రభుత్వాన్ని తప్పుపట్టలేం అన్నారు, కానీ ఎండ్యూరెన్స్‌ని తీసేస్తున్నాం అని ప్రకటించడం మాత్రం సరైన పని కాదన్నారు.

దీనికి ఇంకో వైపు ఉంది. 1977లో కూడా ఇలాగే గాలి వేడెక్కింది. అప్పటి ప్రభుత్వం చప్పుడు చేయకుండా ఒక అణు జలాంతర్గామిని, ఫ్రిగేట్లనే రెండు యుద్ధనౌకలని అటు పంపింది. దాడి జరగలేదు. వాటికి భయపడే ఆగారా, వేరే కారణమా అని ఇప్పటికీ వాదించుకుంటారు. పంపడానికి మనసుంది, పంపడానికి ఓడలున్నాయి. నాకు అది చాలు.

1982 మార్చి 19. ఫాక్‌లాండ్స్‌కి ఇంకా తూర్పున సౌత్ జార్జియా అని మంచు దీవి. అక్కడ పాత తిమింగలాల ఫ్యాక్టరీ తుక్కు ఇనుము కోసమని వచ్చిన అర్జెంటీనా పనివాళ్ళు తమ జెండా ఎగరేశారు. ఏప్రిల్ 2న ఫాక్‌లాండ్స్ మీద సైన్యం దిగింది. కాపలాకి ఎంతమంది ఉన్నారు? మెరైన్లు, నేవీ వాళ్ళు కలిపి దాదాపు 70 మంది. అదీ పాత బ్యాచ్, కొత్త బ్యాచ్ మారే సమయం కాబట్టి రెండు బ్యాచ్‌లూ అక్కడే ఉండబట్టి. కొన్ని గంటలు పోరాడారు. గవర్నర్ లొంగిపోయాడు.

ఏప్రిల్ 5, సోమవారం. హెర్మీస్, ఇన్విన్సిబుల్ పోర్ట్స్‌మత్ నుంచి బయలుదేరాయి. మూడు రోజుల్లో! ఇక్కడ నేను కొంచెం ఆగుతాను. ఇది నా సబ్జెక్ట్.

హెర్మీస్ ఆ సమయానికి డాక్‌యార్డులో రిపేర్లలో ఉంది. ఆవిరి ఓడ అంటే కారు లాగా తాళం తిప్పితే కదిలేది కాదు. చల్లారిన బాయిలర్‌ని మెల్లగా వేడెక్కించాలి. తొందరపడితే ట్యూబులు దెబ్బతింటాయి. విప్పిన వాల్వులు బిగించాలి, గాస్కెట్లు మార్చాలి, ఆవిరి ఎక్కడ లీకవుతుందో చెవిపెట్టి వినాలి. మంచినీళ్ళు నింపాలి. బాయిలర్‌కి పోసే నీళ్ళు ఎంత శుద్ధంగా ఉండాలంటే, మేం తాగే నీళ్ళకంటే శుద్ధంగా ఉండాలి. విరాట్‌లో మా రూల్ అదే. ముందు బాయిలర్ తాగుతుంది, తర్వాత మనిషి. నీళ్ళు తక్కువైతే స్నానాలు బంద్. నలభై, నలభై అయిదు డిగ్రీల వేడిలో పని చేసి వచ్చి, ఒక బకెట్ నీళ్ళతో సరిపెట్టుకున్న రోజులు ఎన్నో. ఆ మూడు రోజులు పోర్ట్స్‌మత్‌లో ఆ బాయిలర్ రూమ్‌లో ఉన్నవాళ్ళు నిద్రపోయి ఉంటారా? టీవీలో చూపించింది డెక్ మీద వరసగా నిలబెట్టిన విమానాలని, రేవులో చేతులు ఊపుతున్న జనాన్ని. కింద వాళ్ళని ఎవరూ చూపించలేదు. ఆ ఓడ మళ్ళీ జూలై 21న ఇల్లు చేరింది. మూడున్నర నెలలు సముద్రంలోనే. మధ్యలో ఒక్క రేవులోకి వెళ్ళి రిపేరు చేయించుకునే వీలు లేదు. ఏది విరిగినా సముద్రం మీదే బాగుచేసుకోవాలి.

గమనించండి. కోతలు ప్రకటించారు గానీ ఇంకా అమలు కాలేదు. హెర్మీస్ ఇంకా తుక్కు కాలేదు, ఇన్విన్సిబుల్ ఇంకా ఆస్ట్రేలియా వెళ్ళలేదు. అర్జెంటీనా వాళ్ళు ఇంకో ఏడాది ఓపిక పట్టి ఉంటే? ఏ ఓడతో వెళ్ళేవాళ్ళు? 12,700 కిలోమీటర్లు ఏ డెక్ మీద విమానాలు మోసుకెళ్ళేవాళ్ళు? బ్రిటన్ అప్పుడు సిద్ధంగా ఉండి వెళ్ళలేదు. అవతలివాడు తొందరపడ్డాడు కాబట్టి వెళ్ళగలిగింది. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం అంటాం కదా, వాళ్ళు పూడ్చేద్దామనుకున్న బావిలో ఇంకా నీళ్ళున్నాయి. అదృష్టం.

యుద్ధ ఓడలు సరిపోలేదు. వ్యాపార ఓడలు తీసుకున్నారు. క్వీన్ ఎలిజబెత్ 2 అని విలాస నౌక, కాన్‌బెర్రా అని ప్రయాణికుల ఓడ. ఉగాండా అనే ఓడలో స్కూలు పిల్లలు విహారయాత్ర చేస్తుంటే వాళ్ళని దించేసి ఆస్పత్రి ఓడగా మార్చారు. ట్యాంకర్లు, కంటైనర్ ఓడలు, టగ్గులు. ఆ ఓడల్లో సివిలియన్ నావికులు ఉన్నారు. వంటవాళ్ళు, లాండ్రీవాళ్ళు. యుద్ధంలో వాళ్ళలో కూడా చనిపోయినవాళ్ళు ఉన్నారు.

దారి మధ్యలో ఒక మెట్టు కావాలి. అది అసెన్షన్ దీవి. బ్రిటన్‌కీ ఫాక్‌లాండ్స్‌కీ దాదాపు సగం దూరంలో, నడి అట్లాంటిక్‌లో, అగ్నిపర్వతం రాళ్ళ గుట్ట. అక్కడ అమెరికా వాళ్ళు నడిపే ఒక పొడవాటి రన్‌వే ఉంది. ఆ రన్‌వే లేకపోతే? మే 1న అక్కడినుంచి వల్కన్ అనే పాత బాంబర్ ఒకటి వెళ్ళి దీవుల రాజధాని స్టాన్లీలోని రన్‌వే మీద బాంబులు వేసి వచ్చింది. వెళ్ళి రావడానికి దాదాపు 16 గంటలు. దారిలో ఆకాశంలోనే దానికి ఇంధనం పోయాలి. ఇంధనం పోసే విమానాలకి మళ్ళీ ఇంధనం పోయడానికి ఇంకో విమానాలు. మొత్తం 11 ట్యాంకర్ విమానాలు ఎగిరితే ఒక్క బాంబర్ అక్కడికి చేరింది. 21 బాంబులు వేస్తే రన్‌వేకి తగిలింది ఒక్కటి. లెక్క వేసుకోండి. దూరం అంటే అది. దూరం ముందు శత్రువుకంటే మన పెట్రోలే మనతో యుద్ధం చేస్తుంది.

ఇప్పుడు అటువైపు చూద్దాం. 480 కిలోమీటర్ల దూరంలో ఉన్నవాడు సిద్ధంగా ఉన్నాడా? ఆశ్చర్యం ఏంటంటే, లేడు. స్టాన్లీ రన్‌వే చిన్నది. అర్జెంటీనా ఫాస్ట్ జెట్లు దాని మీద నుంచి పనిచేయలేవు. దీవి చేతికొచ్చాక ఏప్రిల్ నెలంతా వాళ్ళ దగ్గరే ఉంది కదా, రన్‌వే పొడిగించి జెట్లు అక్కడ పెట్టలేదు. దాంతో వాళ్ళ పైలట్లు ప్రతిసారీ ప్రధాన భూభాగం నుంచే ఎగరాలి. దీవి మీదకి వచ్చేసరికి ఇంధనం అయిపోవస్తుంది. కొన్ని నిమిషాలు మాత్రమే పోరాడే టైమ్, వెంటనే తిరుగుముఖం. ఆ పైలట్లు ధైర్యవంతులు. బ్రిటిష్ వాళ్ళు కూడా ఒప్పుకున్నారు. సముద్రాన్ని తాకేంత కిందుగా వచ్చి బాంబులు వేశారు. అంత కిందుగా వేయడం వల్ల ఫ్యూజు పనిచేసేలోపే బాంబు ఓడలో దూరిపోయేది, పేలేది కాదు. అలా పేలని బాంబులు చాలా ఓడల్లో పడ్డాయి. అవన్నీ పేలి ఉంటే ఈ కథ వేరేలా చెప్పుకునేవాళ్ళం. విమానం నుంచి వదిలే ఎక్సోసెట్ క్షిపణులు వాళ్ళ దగ్గర ఎన్ని ఉన్నాయో తెలుసా? ఐదు. ఐదే ఐదు. ఆ ఐదుతోనే షెఫీల్డ్ అనే యుద్ధనౌకని, అట్లాంటిక్ కన్వేయర్ అనే సరుకు ఓడని ముంచారు.

ఇంక వాళ్ళ సైనికులు. దీవి మీద కందకాల్లో కూర్చున్నవాళ్ళలో చాలామంది తప్పనిసరి సేవకి వచ్చిన పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళ కుర్రాళ్ళు. మంచుకి అలవాటున్న మంచి దళాలని చిలీ సరిహద్దులో ఉంచారు, చిలీతో గొడవ వస్తుందేమోనని. దీవికి పంపిన రెజిమెంట్లలో కొన్ని కొరియెంటెస్ నుంచి వచ్చాయి. అది ఉత్తరాన ఎండలు కాసే ప్రాంతం. మన కోనసీమ కుర్రాణ్ణి తీసుకెళ్ళి కార్గిల్ కొండ మీద కూర్చోబెట్టినట్టు. స్టాన్లీ గోదాముల్లో తిండి ఉంది, కొండ మీద కందకంలో ఉన్నవాడికి అందలేదు. దగ్గరున్నవాడికి కూడా దారి కావాలండీ. గోదాము నుంచి కందకం దాకా పది పదిహేను కిలోమీటర్ల దారి. అది కూడా దారే.

బ్రిటిష్ వాళ్ళకి అన్నీ సరిగ్గా ఉన్నాయా? మే 25న అట్లాంటిక్ కన్వేయర్ కాలిపోయింది. అందులో డేరాలున్నాయి, తాత్కాలిక రన్‌వే వేసే సామాన్లున్నాయి, అన్నిటికంటే ముఖ్యం, సైనికుల్ని మోయాల్సిన పెద్ద చినూక్ హెలికాప్టర్లు ఉన్నాయి. నాలుగింట్లో మూడు పోయాయి. గాల్లో ఉన్న ఒక్కటే మిగిలింది. ఏం చేశారు? నడిచారు. వీపు మీద అంత బరువు పెట్టుకుని తడి పీట్ నేల మీద దాదాపు 90 కిలోమీటర్లు. వాళ్ళ బూట్లు నీళ్ళు పీల్చేవి. రోజుల తరబడి తడి బూట్లలో ఉన్న పాదాలు తెల్లబడి, వాచి, చర్మం ఊడిపోయేది. ఒక గొప్ప సామ్రాజ్యం అనిపించుకున్న దేశం, అణు జలాంతర్గాములున్న దేశం, తన సిపాయికి నీళ్ళు దూరని బూటు ఇవ్వలేకపోయింది. సిద్ధంగా ఉన్నామా అని ఎవరైనా అడిగితే నేను ముందు బూట్లు చూపించమంటాను.

జూన్ 14న అర్జెంటీనా దళాలు లొంగిపోయాయి. 74 రోజులు. చనిపోయినవాళ్ళు, అర్జెంటీనా వాళ్ళు 649 మంది. అందులో సగం, 323 మంది, జనరల్ బెల్‌గ్రానో అనే ఒక్క ఓడతో పోయారు. బ్రిటిష్ వాళ్ళు 255 మంది. దీవి వాళ్ళు ముగ్గురు, ముగ్గురూ ఆడవాళ్ళు, కాపాడటానికి వచ్చిన బ్రిటిష్ ఓడల గుళ్ళు పొరపాటున తగిలి పోయారు.

యుద్ధం తర్వాత బ్రిటన్ చేసిన మొదటి పెద్ద పని ఏంటి? ఫిరంగులు కుప్పపోయడం కాదు. రన్‌వే కట్టింది. స్టాన్లీకి 50 కిలోమీటర్లు పైబడిన దూరంలో మౌంట్ ప్లెజెంట్ అనే చోట, ఏమీ లేని బీడులో, రెండున్నర కిలోమీటర్ల పైన రన్‌వే. మనుషులు, యంత్రాలు, సిమెంటు అన్నీ ఓడల్లో వచ్చాయి. 1985లో తెరిచారు. ఎందుకు కట్టారో నాకు బాగా నచ్చిన లెక్క ఇది. దీవి మీద పెద్ద సైన్యాన్ని ఏళ్ళ తరబడి పోషించడం ఏ దేశానికైనా భారం. కానీ పెద్ద విమానాలు దిగే రన్‌వే ఉంటే, కొద్దిమందిని అక్కడ ఉంచి మిగతా సైన్యాన్ని ఇంట్లోనే ఉంచుకోవచ్చు. గొడవ వాసన రాగానే గంటల్లో దింపొచ్చు. 1982లో మూడు వారాల ఓడ ప్రయాణం. ఇప్పుడు ఇంగ్లండ్‌లోని బ్రైజ్ నార్టన్ నుంచి 18 గంటల చిల్లర.

ఇప్పుడు అక్కడ ఏముంది? నాలుగు టైఫూన్ యుద్ధవిమానాలు. నాలుగే. గాల్లో ఇంధనం పోసే విమానం ఒకటి, సరుకు విమానం ఒకటి. కొండల మీద మూడు రాడార్ కేంద్రాలు. స్కై సేబర్ అనే కొత్త క్షిపణి రక్షణ. ఒక గస్తీ ఓడ. మారుతూ వచ్చే ఒక పదాతి కంపెనీ. అన్నీ కలిపి వెయ్యిమంది పైచిలుకు. దీవి జనంలో కొందరు వాలంటీర్లుగా సొంత రక్షణ దళం నడుపుతున్నారు. పగలు గొర్రెలు, దుకాణం, గవర్నమెంటు ఆఫీసు, సాయంత్రం డ్రిల్లు. నాలుగు విమానాలతో యుద్ధం గెలుస్తారా అని ఎవరైనా అడగొచ్చు. గెలవడానికి కాదవి. రన్‌వేని ఒకటి రెండు రోజులు కాపాడటానికి. వెనకనుంచి వచ్చేవాళ్ళు దిగేదాకా.

మనకీ ఇది తెలుసండీ. 2014 అక్టోబర్ 12 గుర్తుందా? హుద్‌హుద్. ఆ రోజు తర్వాత మనకి కావాల్సింది ఏంటి? ఏ ఊళ్ళో ఎంత బియ్యం ఉంది అని ఎవరూ అడగలేదు. రోడ్డు మీద చెట్లు తీశారా, ఎయిర్‌పోర్టు తెరిచారా, బంకులో డీజిల్ ఉందా. సాయం మన చుట్టూనే ఉంది, దారి లేక ఆగింది. తుఫాను చూసినవాళ్ళకి ఈ మాట నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

మరి ఈ ఏర్పాటులో లోపం లేదా? ఉంది, నాకు కనపడేది చెబుతాను. పెద్ద విమానాలు దిగే రన్‌వే ఒక్కటే. పక్కన ఇంకో పెద్ద రన్‌వే లేదు. ఉత్తరం గాలి కొండల మీదుగా సుడి తిరిగి వస్తే అక్కడ దిగడం కష్టం, వచ్చిన విమానం దక్షిణ అమెరికాకి మళ్ళాల్సిందే. అక్కడి దేశాలు సరే అనాలి. ఇంకా మధ్య మెట్టు అసెన్షన్. 2017లో ఆ రన్‌వే పాడైపోయి పెద్ద విమానాలు దిగలేని పరిస్థితి వచ్చింది. బ్రిటన్ తన విమానాలని కేప్ వెర్డె మీదుగా తిప్పుకోవాల్సి వచ్చింది. పరాయి దేశం. మామూలు రోజుల్లో రమ్మంటారు, యుద్ధం రోజు రమ్మంటారా? చూడండి, శత్రువు ఒక్క గుండు పేల్చలేదు. తారు పగిలింది, దారి మూసుకుపోయింది. రన్‌వే మరమ్మతుల పద్దు వార్తల్లోకి రాదు, దాని ముందు ఎవరూ ఫొటో దిగరు. కానీ దీవి భద్రత ఆ పద్దులోనే ఉందని నేను నమ్ముతాను.

ఓడల మాట కూడా. 1982లో బ్రిటన్ దగ్గర డిస్ట్రాయర్లు, ఫ్రిగేట్లు కలిపి 60 దాకా ఉండేవి. ఇప్పుడు 20 కూడా లేవు. రెండు పెద్ద కొత్త విమానవాహక నౌకలు ఉన్నాయి, నిజమే, హెర్మీస్‌కి రెండింతలు. కానీ వాటి చుట్టూ నడవడానికి ఓడలేవి? ఇంధనం, తిండి మోసే ఓడలేవి, వాటిల్లో పనిచేసే మనుషులేరి? రన్‌వే చేజారితే మళ్ళీ 1982 లాగే ఓడల మీద రావాలి. అప్పటి ఓడలు ఇప్పుడు లేవు.

అర్జెంటీనా ఇప్పుడు దాడి చేస్తుందా? చేయదనే నా అభిప్రాయం. ప్రజాస్వామ్యం వచ్చాక అంతర్జాతీయ చట్టం ప్రకారమే సాధిస్తాం అని వాళ్ళ రాజ్యాంగంలో రాసుకున్నారు. సైన్యం కూడా చిక్కిపోయింది. మిరాజ్ విమానాలు 2015లో పక్కన పెట్టేశారు. బ్రిటిష్ భాగాలున్న విమానం ఏదీ వాళ్ళకి అమ్మనీయకుండా బ్రిటన్ అడ్డుపడుతూ వచ్చింది. 2017 నవంబర్‌లో సాన్ హువాన్ అనే వాళ్ళ జలాంతర్గామి 44 మందితో మునిగిపోయింది. నేవీలో పనిచేసిన ఎవరికైనా, ఏ దేశం వాడికైనా, ఆ వార్త గుండెల్లో గుచ్చుకుంటుంది. మాకు శత్రువు ఓడ అని ఉంటుంది కానీ, మునిగిపోయిన ఓడకి దేశం ఉండదు. 2024లో డెన్మార్క్ నుంచి 24 పాత ఎఫ్-16 యుద్ధవిమానాలు కొనడానికి ఒప్పందం చేసుకున్నారు. అది వాళ్ళ ఆకాశం వాళ్ళు కాపాడుకోవడానికి. దాన్ని చూసి ఇప్పుడే టెన్షన్ పడక్కర్లేదు. కానీ ఎఫ్-16 వచ్చింది కాబట్టి రేపు, దానికి ఇంధనం పోసే విమానం వచ్చిందా, పైలట్ల శిక్షణ ఎంతవరకు వచ్చింది అని లెక్క చూసుకుంటూ ఉండాలి. అవతలివాడికి ఆశ పుట్టకుండా చూడటమే ఇక్కడ పని. ఆశ పుట్టాక ఆపడం చాలా ఖరీదు. 1982లో ఒక్క ఎర్ర ఓడ ఖర్చు మిగుల్చుకుందామని చూసి ఎంత పోగొట్టుకున్నారో ఇంతకుముందే చెప్పాను.

టైమ్ అయిపోతోందని ఆయన చేయి ఊపుతున్నారు. ఐదు నిమిషాలు ఇవ్వండి సార్.

మందుపాతరలు. యుద్ధంలో ఆ బీచ్‌ల మీద, గడ్డి మైదానాల్లో వేల సంఖ్యలో పాతారు. ముప్ఫై ఎనిమిదేళ్ళు అక్కడ కంచెలు, పుర్రె బొమ్మ బోర్డులు. పెంగ్విన్లు మాత్రం లోపల తిరిగేవి, పేలేంత బరువు వాటికి లేదు. ఆ పాతరలు ఏరినవాళ్ళలో ఎక్కువమంది జింబాబ్వే నుంచి వచ్చినవాళ్ళు. ఎక్కడి ఎండదేశం, ఎక్కడి మంచుగాలి. మోకాళ్ళ మీద కూర్చుని, ఇసకలో అంగుళం అంగుళం వెతికారు. 2020 నవంబర్ 14న ఆఖరి కంచె తీసేశారు. ఆ రోజు దీవి జనం బీచ్ మీదకి పరుగెత్తారు. 1982 తర్వాత పుట్టి, పెరిగి, పిల్లల్ని కన్నవాళ్ళు ఆ ఇసక మీద మొదటిసారి కాలు పెట్టారు.

అదే 2020 సెప్టెంబర్‌లో విరాట్ ముంబై నుంచి గుజరాత్‌లోని అలంగ్‌కి వెళ్ళింది, తుక్కు చేయడానికి. మన విశాఖకి తెచ్చి మ్యూజియం చేద్దామని మాట వచ్చింది, కుదరలేదు. ఇక్కడ కురుసురా జలాంతర్గామి ఉంది, టీయూ-142 విమానం ఉంది, వాటి పక్కన అదీ ఉండాల్సింది. ఆ ఓడ నినాదం "జలమేవ యస్య బలమేవ తస్య". నీరు ఎవరిదో బలం వాళ్ళది. నేను అలంగ్ వెళ్ళలేదు. వెళ్ళి చూడలేకపోయాను.

ఇంకొక్క విషయం చెప్పి దిగిపోతాను. ఫాక్‌లాండ్స్‌లో డార్విన్ అనే చోట అర్జెంటీనా సైనికుల శ్మశానం ఉంది. 237 తెల్ల శిలువలు. యుద్ధం అయ్యాక ఒక బ్రిటిష్ అధికారి చెల్లాచెదురుగా ఉన్న ఆ శవాలని ఏరించి, ఒక్కొక్కరిని విడిగా జాగ్రత్తగా చుట్టించి పాతిపెట్టించాడు. నూటికి పైగా సమాధుల మీద పేరు లేదు. "దేవుడికి మాత్రమే తెలిసిన అర్జెంటీనా సైనికుడు" అని రాసి ఉండేది. మూడు దశాబ్దాల పైన ఆ తల్లులకి తమ కొడుకు ఏ శిలువ కిందున్నాడో తెలియదు. 2017లో రెడ్‌క్రాస్ వాళ్ళు రెండు దేశాల ఒప్పందంతో సమాధులు తెరిచి, డీఎన్ఏ పరీక్షలు చేసి, చాలామంది పేర్లు కనుక్కున్నారు. 2018 మార్చిలో ఆ కుటుంబాల వాళ్ళు రెండు వందలమందికి పైగా విమానంలో వచ్చారు. ఎక్కడ దిగారనుకుంటున్నారు? మౌంట్ ప్లెజెంట్. వాళ్ళు రాకుండా ఆపడానికి కట్టిన ఆ రన్‌వే మీదే దిగారు. అక్కడినుంచి శ్మశానానికి వెళ్ళారు. ఎనభై ఏళ్ళ తల్లులు, ఆ గాలిలో, కొడుకు పేరు చెక్కిన రాయి మీద చేయి పెట్టి కూర్చున్నారు.

నేను ఇక్కడితో ఆపుతాను. మీ ప్రశ్నలు అడగండి. ఆ మూల అమ్మాయి ఎప్పటినుంచో చేయి ఎత్తి ఉంది, మైక్ ముందు ఆ అమ్మాయికి ఇవ్వండి.